పాటలో కట్టుకున్న ఊరు

మా నాయన పలకను చెవితో చూసేవాడు. రాతిని పొరలుగా చీల్చి, కొలతకు కోసి, నున్నగా రుద్దిన పలకను ఎడమచేతి వేళ్ళ మీద తేలిగ్గా నిలబెట్టి, కుడిచేతి కణుపుతో ఒక్కసారి తట్టేవాడు. ఖంగుమంటే చట్రంలోకి. బొంగురుగా పలికితే పక్కకు. కంటికి కనబడని పగులు ఎక్కడో లోపల ఉందన్నమాట. "రాయి అబద్ధం చెప్పదురా అబ్బోడా, వినాల మనం" అనేవాడు. మార్కాపురంలో పుట్టినవాడిని గనుక నాకు బలపం కంటే ముందు పలక మోత తెలుసు. సంగీతంలో నా మొదటి పాఠం అదే.

రెండో పాఠం తిరునాళ్ళలో. తెల్లార్లూ హరిశ్చంద్ర నాటకం ఆడేవాళ్ళు. పగలు రాయి కోసే మనిషి రాత్రికి కాటి కాపరి అయ్యేవాడు. హార్మోనియం ఒక స్వరం పట్టుకుంటే, అతను పద్యం చివర రాగం తీసి, దాన్ని అటూ ఇటూ నడిపించి, ఎక్కడో ఎత్తున ఆపేవాడు. వన్స్ మోర్ అని జనం కేకలు వేసేవారు. మా అవ్వ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, "వాడు మన సుబ్బడు కాదురా, ఈ పూట హరిశ్చంద్రుడే" అనేది. ఆ రాగం పేరు ఆమెకు తెలియదు, నాకూ తెలియదు. కానీ అందులోకి మేమిద్దరం వెళ్ళి వచ్చామని మాత్రం తెలుసు.

ఈ రెండు పాఠాలనూ కలిపి మళ్ళీ నా ముందు పెట్టింది ఒక వీడియో గేమ్. వినడానికి వింతగా ఉంటుంది. నాకైతే అది వరస తప్పకుండా జరిగినట్టే అనిపిస్తుంది.

పలకలకు గిరాకీ పడిపోయాక మేం హైదరాబాదు చేరాం. పశ్చిమ ప్రకాశంలో వలస కొత్త మాట కాదు. వాన మొహం చాటేస్తే మిరప కోతలకు గుంటూరు వైపు, మేస్త్రీ పనులకు పట్నం వైపు బస్సులు నిండేవి. 2009లో ఇరుకు గదిలో నాతో ఉన్న స్నేహితుడి దగ్గర ప్లేస్టేషన్ ఉండేది. ఒక రాత్రి నిద్రపట్టక అతను పెట్టిన ఆట చూస్తూ కూర్చున్నాను. పేరు ఎటర్నల్ సొనాటా. జపాన్‌కు చెందిన ట్రై-క్రెసెండో అనే సంస్థ తయారుచేసింది, 2007లో విడుదలైంది. జపాన్‌లో దాని పేరులో ఒక భాగానికి షోపాన్ కల అని అర్థం వస్తుంది.

కథ ఇది. 1849 అక్టోబరు, పారిస్. ముప్పై తొమ్మిదేళ్ళ పియానో విద్వాంసుడు ఫ్రెడరిక్ షోపాన్ మంచం మీద చివరి గంటల్లో ఉన్నాడు. ఆ మగతలో ఆయనకు ఒక లోకం కల వస్తుంది. అందులో మనుషుల పేర్లూ ఊళ్ళ పేర్లూ అన్నీ సంగీతం మాటలే. పోల్కా అనే పద్నాలుగేళ్ళ పిల్ల, అల్లెగ్రెట్టో అనే కుర్రాడు, అతని వెంట తిరిగే బీట్ అనే బుడతడు, మేకలు కాచుకునే వయోలా, ఫోర్టే అనే రాజ్యం, బరోక్ అనే ఇంకో రాజ్యం. మందులేని జబ్బు ఉన్నవాళ్ళకు ఆ లోకంలో మంత్రశక్తి వస్తుంది. పోల్కాకు ఆ శక్తి ఉంది. అందుకే జనం ఆ పిల్లను తాకడానికి భయపడతారు. నిజ జీవితంలో షోపాన్ చెల్లెలు ఎమీలియా 1827లో పద్నాలుగేళ్ళకే పోయింది. ఆ సంగతి తెలిసినవాడికి, కలలో ఆయన పోల్కాను చూసే చూపు గుండెను పిండుతుంది.

ఇలాంటి ఆటల్ని రోల్ ప్లేయింగ్ అంటారు. మా వైపు మాటలో చెప్పాలంటే వేషం కట్టడం. ఆడేవాడు ఆ మనుషుల వేషం కట్టుకుని ఊరూరా తిరుగుతాడు, అంగళ్ళలో బేరం చేస్తాడు, అడవి దాటుతాడు, యుద్ధం చేస్తాడు. షోపానే మన దండులో ఒకడై వెంట నడుస్తాడు. యుద్ధంలో వెలుగులో నిలబడితే ఒక విద్య, నీడలో నిలబడితే ఇంకో విద్య. రాక్షసి నీడలోంచి వెలుగులోకి వస్తే రూపమే మారిపోతుంది. దారిలో అక్కడక్కడా స్వరఖండాలు దొరుకుతాయి. ఎవరో బాటసారి దగ్గర ఇంకో ఖండం ఉంటుంది. మనదీ వాళ్ళదీ కలిపి వాయిస్తే పొసగాలి. పొసగకపోతే ఇంకొకటి వెతుక్కోవాలి. మా పలకల కొట్టంలో రెండు పలకల మోతలు సరిపోల్చుకున్నట్టు ఉండేది నాకది.

ఆటలో ఎక్కువ భాగం సంగీతం మొతోయ్ సకురాబా రాసినది. అధ్యాయాలకు మాత్రం చాలావరకు షోపాన్ కృతుల పేర్లు పెట్టారు. మధ్యమధ్య కథ ఆగిపోతుంది. తెర మీద నిజమైన ఊళ్ళ ఫోటోలు, షోపాన్ బతుకులోని ఒక ఘట్టం, వెనక ఆయన కృతి. వాయించినది స్తానిస్లావ్ బూనిన్, 1985లో వార్సా షోపాన్ పోటీలో మొదటి బహుమతి పొందిన రష్యన్ పియానో కళాకారుడు. అంతవరకూ రాక్షసులతో పోరాడిన కుర్రవాడు చేతులు ఒళ్ళో పెట్టుకుని ఒక కృతి మొత్తం వింటాడు. కచేరీకి ఎన్నడూ వెళ్ళనివాడి చేత కచేరీ వినిపించడం ఎంత గొప్ప పని! ఆ గదిలో మేం నలుగురం అలా విన్నాం. నలుగురిలో ఒక్కరికీ పియానో ఎలా ఉంటుందో దగ్గరగా తెలియదు.

మొదటి అధ్యాయం పేరు వానచినుకులు. 1838-39 చలికాలంలో షోపాన్ మయోర్కా దీవిలో, వల్దెమోసాలోని పాత మఠంలో ఉన్నాడు. అప్పటికే ఒంట్లో బాగాలేదు. బయట ఎడతెగని వాన. అక్కడ పూర్తిచేసిన ప్రెల్యూడ్లలో ఒకదానికి లోకం పెట్టుకున్న పేరు అది. పైన పాట నెమ్మదిగా నడుస్తుంటే, కింద ఒకే స్వరం చూరు నుంచి నీరు కారినట్టు ఆగకుండా పడుతూ ఉంటుంది. మధ్యలో పాట మొత్తం చీకటి పడుతుంది. పియానో మీద కొట్టే మీట మాత్రం అదే. ఇందాక ఊరడించిన చినుకే ఇప్పుడు భయపెడుతుంది.

దాన్ని ఫోన్‌లో ఎక్కించుకుని ఇంటికి తీసుకెళ్ళి నాయనకు వినిపించాను. అప్పటికి ఆయన చేతులు రాతిని వదిలేసి చాలా ఏళ్ళయింది. కళ్ళు మూసుకుని విన్నాడు. మొదట్లో కణుపుతో మంచం పట్టె మీద ఆ ఒక్క స్వరాన్నీ తడుతూ, "శ్రుతి పట్టుకున్నాడు" అన్నాడు. మధ్యభాగం వచ్చేసరికి వేలు ఆగిపోయింది. కాసేపు మాట్లాడలేదు.

"ఈడ లోపల పగిలిందిరా" అన్నాడు. "పగిలినా మోగుతా ఉండాడు."

షోపాన్ గురించి ఆ తర్వాత నేను చాలా చదివాను. అంత సూటిగా ఎవరూ చెప్పినట్టు గుర్తులేదు. రాయి పగిలితే మూగబోతుంది. మనిషి పగిలితే పాడగలడు.

ఆ పగులేమిటో వెతుక్కుంటూ వెళ్ళాను. షోపాన్ 1830 నవంబరులో ఇరవై ఏళ్ళ వయసులో వార్సా విడిచి బయల్దేరాడు. ఆ నెలాఖరులోనే రష్యా ఏలుబడి మీద పోలండ్ తిరగబడింది. మరుసటి ఏడు ఆ తిరుగుబాటు అణిగిపోయింది. ఆయన మళ్ళీ పుట్టిన నేల తొక్కలేదు. పారిస్‌లో ఉండి జీవితాంతం మజుర్కాలు రాశాడు, పోలనైజ్‌లు రాశాడు. రెండూ తన దేశపు నృత్యాల నడకలు. కాళ్ళకు అందని ఊరిని వేళ్ళతో నడిచాడు. చనిపోయాక శరీరం పారిస్‌లోనే మట్టిలో కలిసింది. గుండెను మాత్రం, ఆయన కోరుకున్నట్టే, అక్క లుద్విక వార్సా తీసుకెళ్ళింది. హోలీ క్రాస్ చర్చి స్తంభంలో అది ఇప్పటికీ ఉంది.

ఇది చదువుతున్నప్పుడు నాకు మా నేల గుర్తొచ్చింది. కంభానికి దగ్గర్లో, ఇప్పటి అర్ధవీడు మండలంలో, కాకర్ల అనే ఊరుంది. త్యాగరాజస్వామి ఇంటిపేరు కాకర్ల. ఆయన పూర్వులు ఈ ఊరి నుంచే తమిళ నేలకు వెళ్ళారని చెబుతారు. త్యాగయ్యకు అయిదేళ్ళు ముందు పుట్టిన శ్యామశాస్త్రి పూర్వులది కంభమని ఇంకో పరంపర. సంగీత త్రిమూర్తులలో ఇద్దరి మూలాలు ఇరవై ముప్పై కిలోమీటర్ల మేర, నల్లమల అంచున, గుండ్లకమ్మ పరిసరాల్లో ఉన్నాయన్నమాట. ఇద్దరూ పుట్టింది తిరువారూరులో. త్యాగయ్య 1767లో పుట్టి, 1847 జనవరిలో తిరువయ్యారులో కన్నుమూశారు. అంటే షోపాన్ పోవడానికి మూడేళ్ళు కూడా ముందు కాదు. కావేరి ఒడ్డున ఒకరు, సేన్ నది ఒడ్డున ఒకరు. ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా ఒకే కాలంలో ఇద్దరూ పాట కట్టుకున్నారు.

త్యాగయ్య కాకర్ల విడిచి వెళ్ళినవాడు కాదు, వెళ్ళినవాళ్ళ సంతతి. తంజావూరు దొరల కొలువుల్లో తెలుగుకు పెద్దపీట ఉండేది, నాయకుల కాలంలోనూ మరాఠాల కాలంలోనూ. అందుకని ఆయన తెలుగులో పాడడాన్ని ఒక్క ఊరి బెంగగా చెప్పలేను. అయినా ఒక మాట చెప్పగలను. తరాలు మారాయి, నది మారింది, వీధిలో వినబడే భాష మారింది. ఇంటిపేరు మారలేదు, ఇంట్లో మాట మారలేదు. షోపాన్ గుండె ఊరికి తిరిగివచ్చింది. త్యాగయ్య వంశం ఊరినే పేరుగా మోసుకుపోయింది. వలస వెళ్ళేవాడు సంచిలో పెట్టుకోలేనిది నోట్లో పెట్టుకుని వెళతాడు.

పట్నం గదిలో ఆ ఆట నన్ను అంతగా పట్టుకోవడానికి కారణం ఇదేనని ఇప్పుడు తోస్తుంది. ఆ కల లోకంలో కష్టాలు కలలోవిలా ఉండవు. పోల్కా ఊరివాళ్ళు పూలపొడి చేసి అమ్ముకుంటారు. ఫోర్టే దొర దానిమీద పన్ను వేస్తాడు. భూమి నుంచి తవ్వి తీసిన ఖనిజపు పొడికి మాత్రం పన్ను లేదు. చౌక కాబట్టి జనం అదే మందుగా వాడతారు. అది లోలోపల మనిషిని మనిషి కాకుండా చేస్తుంది. ఆ ఘట్టం చూస్తున్నప్పుడు మా ఊరి బోరునీళ్ళు గుర్తొచ్చాయి. వాన లేక, చెరువు లేక, భూమిని లోతుగా తొలుచుకుంటూ పోయి మేం తాగిన నీళ్ళలో ఫ్లోరైడు ఉంది. బడి పిల్లలు నవ్వితే పళ్ళ మీద గోధుమరంగు గీతలు. నలభై దాటకముందే నడుము వంగిన మనుషులు. దాహం తీర్చేదే దెబ్బతీస్తుందని ఆ పొలాల మధ్య పెరిగిన నాకు ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. ఎవరో జపాన్‌వాళ్ళు ఒక పోలండ్ మనిషి కలగా అల్లిన కథలో నాకు కనిపించింది మా వీధి బోరింగే.

ఆట పొడుగునా షోపాన్ ఒకటే ప్రశ్నతో నడుస్తాడు. ఇదంతా నా కలే కదా, ఈ పిల్ల నా కల్పనే కదా, మరి ఈమె బాధకు నేనెందుకు ఇంత తల్లడిల్లుతున్నాను? వెంట ఉన్నవాళ్ళు మేం నిజమే అంటారు. చివరి యుద్ధం ఏ రాక్షసుడితోనూ కాదు, షోపాన్‌తోనే. తను కన్న లోకం నిజమో కాదో తేల్చుకోవడానికి ఆయన దానికే ఎదురు నిలుస్తాడు. ఆ రాత్రి ఆట ముగిశాక నాకు మా అవ్వ మాట గుర్తొచ్చింది. ఈ పూట హరిశ్చంద్రుడే అన్నది కదా. ఆ ప్రశ్నకు జవాబు ఆమె ఎప్పుడో చెప్పేసింది. వేషం కట్టినంతసేపు అబద్ధం లేదు.

త్యాగయ్యకూ ఆ జవాబు తెలుసు. ఆయన నౌకాచరిత్రం అనే గేయనాటకం రాశారు. భాగవతంలో లేని కథ, సొంతంగా ఊహించినది. గోపికలు యమునలో పడవ ఎక్కుతారు, కృష్ణుడూ వెంట వస్తాడు. పడవ సాగేకొద్దీ వాళ్ళలో గర్వం పెరుగుతుంది. గాలివాన పుడుతుంది, పడవకు చిల్లి పడుతుంది, నీరు లోపలికి తన్నుకొస్తుంది. గర్వం విడిచి శరణంటే తప్ప ఒడ్డు చేరరు. గట్టు నుంచి గట్టుకు ప్రయాణం, దారిలో గండం, దాన్ని దాటడానికి లోపల ఏదో మారడం. ఎటర్నల్ సొనాటా ఆడినవాడికి ఇది కొత్త కాదు. సంగీతాన్ని ఎత్తున పెట్టి దండం పెట్టించలేదు త్యాగయ్య. పడవ ఎక్కించారు.

మన సంగీతంలో ఒక మాట ఉంది, సంచారం. రాగం తన స్వరాల మధ్య ఎలా తిరుగుతుందో దాన్ని సంచారం అంటారు. రాగాన్ని మన పెద్దలు ఒక వస్తువుగా అనుకోలేదు, తిరగదగిన చోటు అనుకున్నారు. ఏ దారిన ఎక్కాలి, ఏ దారిన దిగాలి, ఎక్కడ కాసేపు నిలవాలి, ఏ వంక తొక్కకూడదు, అన్నీ ఉంటాయి. మేళకర్తలనే మూల రాగాలు డెబ్బయి రెండు, పన్నెండు చక్రాలు, ఒక్కో చక్రంలో ఆరేసి. ఇంతకంటే చక్కని పటం ఏ ఆటకు కావాలి? మా ఊళ్ళ పిల్లలకు మాత్రం ఆ పటం ఎవరూ చూపించలేదు. సంగీతమంటే సభ, సభంటే పట్నం, పట్నమంటే మనది కానిది. నాకూ అలాగే ఉండేది. షోపాన్ దగ్గరికి నన్ను తీసుకెళ్ళినవాళ్ళు ముందు నాకు ఆయన గొప్పతనం చెప్పలేదు. ఆయన ఊరిలో నన్ను నడవనిచ్చారు. గొప్పతనం నడకలో తెలిసింది.

ఈ ఆలోచనతోనే నిరుడు గుంటూరు నుంచి నంద్యాల పోయే బండిలో ఒక ఆట కనిపెట్టాను. మేళకర్తల పేర్లలో మొదటి రెండు అక్షరాలకు కటపయాది లెక్కలో అంకెలు వస్తాయి. వాటిని తిరగేస్తే ఆ మేళం సంఖ్య. మాయామాళవగౌళలో మకు అయిదు, యకు ఒకటి. తిరగేస్తే పదిహేను. బండి దొనకొండ దాటింది. మార్కాపురం రోడ్ స్టేషను పలక కనబడింది. ఊరికే లెక్క వేశాను. మకు అయిదు. ధర్మవతి అనే మేళంలో ర్మకు మను పట్టుకున్నట్టు, ర్కాకు కను పట్టుకుంటే ఒకటి. తిరగేస్తే పదిహేను. మాయామాళవగౌళ! సరళీ స్వరాలు నేర్చే ప్రతి పిల్లా మొదట కాలుపెట్టే రాగం. దేశంలో ఎన్నో బళ్ళలో పిల్లలు మొదటి అక్షరం దిద్దింది మా ఊరి పలక మీద. మొదటి స్వరం దిద్దే రాగం ఆ ఊరి పేరులోనే దాక్కుని ఉంది.

ఆత్రంగా కాకర్లకు వేశాను. కకు ఒకటి, మళ్ళీ కకు ఒకటి. పదకొండు. కోకిలప్రియ. కిటికీ బయట తర్లుపాడు పొలాలు ఎండకు తెల్లగా మెరుస్తున్నాయి. నాకు కళ్ళు చెమర్చాయి.

ఇది చరిత్ర కాదు, అంకెల కలయిక. నాకా తేడా తెలుసు. కానీ చరిత్రలోకి ఏ పిల్లవాడూ తలుపు బద్దలు కొట్టుకుని రాడు. ఆడుకుంటూ వస్తాడు.

కంభంలో దిగి చెల్లెలి కొడుకును వెంటబెట్టుకుని చెరువుకట్ట ఎక్కాను. గుండ్లకమ్మకు అడ్డంగా విజయనగర రాజుల కాలంలో కట్టిన చెరువు అది. 2020లో దానికి ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తింపు వచ్చింది. వాడికి పదేళ్ళు. నాయన చట్రం బిగించిన పలకల్లో మిగిలినది ఒకటి వాడి సంచిలో ఉంది. రైల్లో నేను కనిపెట్టిన ఆట చెప్పాను. ఎటర్నల్ సొనాటా గురించి చెప్పాను, షోపాన్ గుండె సంగతి చెప్పాను, కాకర్లవాళ్ళ ప్రయాణం చెప్పాను. వానచినుకులు వినిపించాను. నీళ్ళు కట్టకు చాలా దూరంగా ఉన్నాయి.

"మామా, ఈళ్ళు ఆట చేసినట్టు మనోళ్ళది కూడా చేయొచ్చు గదా?" అన్నాడు.

"చేయొచ్చు. ముందు ఊరు గీయాల" అన్నాను.

పలక తీశాడు. మొదట ఆకులాగా చెరువు గీశాడు, దానిలోంచి గుండ్లకమ్మ. పైన ముక్కోణాలు వరసగా, అవి నల్లమల కొండలు. కాకర్ల దగ్గర చుక్క పెట్టి పదకొండు అని రాశాడు, మార్కాపురం దగ్గర పదిహేను. గిద్దలూరుకు వేసి చూస్తే ఎనభై మూడు వచ్చింది. మేళాలు డెబ్బయి రెండే గదా అని దిగాలుపడ్డాడు. అంతలోనే తేరుకుని, "అయితే గిద్దలూరుకు కొత్త రాగం కట్టాల" అని ఎనభై మూడు రాసేశాడు. కాకర్ల చుక్క నుంచి కిందికి ఒక దారి గీయడం మొదలుపెట్టాడు.

"తిరువయ్యారు యాడ మామా?"

"దూరంరా. కింద, చానా దూరం."

గీత పలక అంచు దాకా వచ్చింది. చెక్క చట్రం తగిలి బలపం ఆగింది. వాడు ఒక్క క్షణం చూశాడు. అలవాటో, తాత నేర్పాడో, కణుపుతో పలకను ఒకసారి తట్టాడు. ఖంగుమంది. తర్వాత పలక తిప్పి, రెండో వైపు పై అంచు నుంచి ఆ గీతను కొనసాగించాడు.